పద్నాలుగో దెబ్బ

నేను ఒక మంచు పారను. అల్యూమినియం రేకు, పొట్టి కాడ. లూధియానాలో ఒక చిన్న కార్ఖానాలో పుట్టి, హిమాలయాల్లో ఒక సైనిక శిబిరానికి వచ్చాను. రెండు శీతాకాలాలు వంటగది గుమ్మం ముందు మంచు ఎత్తిపోశాక, హవల్దార్ దాలినాయుడి చేతిలో పడ్డాను. సిక్కోలు మనిషి, పద్దెనిమిదేళ్లుగా కొండల్లోనే నౌకరీ. నన్ను వీపుసంచికి బయట కట్టుకునేవాడు. బీకన్ అనే చిన్న యంత్రాన్ని మాత్రం చొక్కా లోపల, గుండెకు ఆనించి పెట్టుకునేవాడు.

ఆ బీకన్‌ను చూస్తే నాకు ఒళ్లు మంట. మనిషి మంచులో కూరుకుపోతే ఎక్కడున్నాడో కూతపెట్టి చెబుతుందట. దానికి రోజూ ముద్దు, ఎప్పటికప్పుడు కొత్త బ్యాటరీలు. నాకు గీతలు, చలి. ముందే వద్దని చెప్పేవాళ్లకన్నా మునిగాక కేకలు పెట్టేవాళ్లంటేనే ఈ మనుషులకు ప్రేమ.

ఒకసారి మూడు రోజుల మంచు తుఫాను ఆగిన ఉదయం, కొండ మీది కాపలా చౌకీ నుంచి కబురొచ్చింది. అక్కడ ఒక జవానుకు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. గాలికి హెలికాప్టర్ ఎగరడం లేదు. మందు తీసుకెళ్లాల్సింది నర్సింగ్ సహాయకుడు గౌరీశు, తోడు దాలినాయుడు. ఎదురుగా ఉన్న వాలు దాటితే గంట. గట్టు మీదుగా చుట్టూ తిరిగితే నాలుగు గంటలు.

వాలు మీది మంచు జారిపడేలా ఉందో లేదో తేల్చడానికి గౌరీశు డేరా పక్కనే గొయ్యి తవ్వి, మంచు దిమ్మ ఒకటి నిలబెట్టాడు. దాని నెత్తిన నన్ను బోర్లించి, మణికట్టుతో పది దెబ్బలు, మోచేతితో పది, భుజం బలంతో పది కొట్టాడు. దిమ్మ చెక్కుచెదరలేదు.

"సూసినావా దాలన్నా? ఎండ కూడా కాసేసింది. పోదుం పద. అక్కడ మనిషి సచ్చిపోతన్నాడు."

"డేరా కాడ మంచు మనల్నేటి సేస్తాదిరా? గాలి మోసుకొచ్చి పడేసింది ఆ వాలు మీద. అడగాల్సింది దాన్ని."

వాలు అంచున దాలినాయుడు మళ్లీ తవ్వాడు, మళ్లీ నన్ను బోర్లించి కొట్టాడు. పన్నెండు. పదమూడు. పద్నాలుగో దెబ్బకు పై పొర పెట్టె మూతలా జారి, నాతో సహా అతని మోకాళ్ల మీద పడింది. దాని కింద పంచదారలా పొడిపొడి పలుకులు, పై మంచును పట్టి ఉంచలేనివి.

గౌరీశు కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాలుగ్గంటలు ఆగుతాడేటన్నా?"

"మనం కూరుకుపోతే అసలే ఆగడు. నడు."

మధ్యాహ్నం మేము గట్టు మీద ఉండగా ఆ వాలు మొత్తం ఊడి లోయలోకి పోయింది. చౌకీ చేరేసరికి జవాను గోళ్లు నీలంగా ఉన్నాయి, ఊపిరి మాత్రం ఆడుతోంది. మందు అందింది. సాయంత్రానికి కళ్లు తెరిచి టీ అడిగాడు.

అప్పుడు దాలినాయుడు ఏం చేశాడనుకున్నారు? చొక్కాలోంచి బీకన్ తీసి కళ్లకద్దుకున్నాడు. "సల్లగా సూసినావమ్మా" అన్నాడు. అది చేసిందేముంది? వెచ్చగా కూర్చుని వచ్చింది! నేను గుమ్మం బయట మంచులో గుచ్చి ఉన్నాను. నాకు ఏడుపొచ్చింది.

దాలినాయుడు రిటైరై వెళ్లిపోయాడు. ఇప్పుడు మేమిద్దరం స్టోరు గదిలో ఒకే అరలో ఉన్నాం. బీకన్‌కు ఇంకా అతని చెమట వాసన ఉంది. నా కాడకు ఉన్నది చేతితొడుగుల వాసనే. దాన్ని చూస్తే నాకు ఇప్పటికీ అసూయే. కానీ అతని దగ్గరున్న ఆరు శీతాకాలాల్లో దాని కూత ఎవరూ వినలేదు. విననివ్వలేదు నేను.