వీరబ్రహ్మం అయ్యవారి చిత్తు నోటుపుస్తకం

శుక్రవారం పొద్దున్నే ఖుబూజ్ ప్యాకెట్ మూతి కట్టలేదని మా ఆయన జిలానితో గొడవపడ్డాను. ఏసీ గాలికి రొట్టెలు అట్టల్లా ఎండిపోయాయి.

"రొట్టెకు గూడా పంచాయితీనా?" అన్నాడు.

"వాళ్ల నాయనా అంతే మే షబానా. తెరిసింది మూసే అలవాటే లేదు," అంది అత్త జైనబీ. ఆ మాటలో మురిపెమే వినిపించింది.

అత్త పద్దెనిమిదేళ్లు సోహార్‌లో ఒక ఒమానీ ఇంట్లో పనిచేసింది. మూడేళ్లుగా మస్కట్ పక్క బౌషర్‌లో మా దగ్గర ఉంటోంది. రాయచోటి పక్క మా ఊళ్లో మామకు పక్షవాతం వచ్చింది. ఆయనకు సేవ చేయడానికి వచ్చే గురువారం ఆమె ప్రయాణం. పెట్టె సగం పెద్దవాళ్ల డైపర్లతోనే నిండింది.

ఆమె వెళ్లేలోగా ఇంటి వంశావళి రాసివ్వాలని నాకు పట్టుదల. ఆ పిచ్చి పట్టించింది పై అంతస్తులోని ఐర్లండ్ టీచరు. వాళ్ల దేశంలో పాత జనాభా లెక్కలు కాలిపోతే, ఎవరెవరో రాసి దాచుకున్న నకళ్లు వెతికి ముత్తాతల పేర్లు పట్టుకుంటున్నారట. ఊళ్లో మా వీధికి తొంభై ఒకటిలో జనాభా లెక్కలు రాసిన వీరబ్రహ్మం అయ్యవారి చిత్తు నోటుపుస్తకం పోయిందనే అందరూ అనుకున్నారు. ఆయన కొడుకు అటక మీద వెతికి, మా పేజీ ఫోటో తీసి ఆ పొద్దునే పంపాడు.

చదివి జిలానికి చూపించాను.

"అమ్మ ఊరికి పోయేదాకా సెప్పొద్దు," అన్నాడు.

మధ్యాహ్నం నమాజు తర్వాత కింద సుప్రా గుడ్డ పరిచి అన్నాలకు కూర్చున్నాం. అత్తకు చదువు రాదు. నా ఫోన్‌లో తెరిచి ఉన్న ఆ పేజీ మీదికి వంగి, "నా పేరు యాడుంది?" అని అడిగింది.

జిలాని నా వైపు చూశాడు. నేను ఉన్నదున్నట్టు చదివాను.

"యజమాని మస్తాన్. భార్య చనిపోయింది. కొడుకు జిలాని, ఆరేళ్లు."

అత్త చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"అప్పుడు ఆడోళ్లు అరబ్ దేశం పోయినారంటే ఊర్లో ఎట్ల మాట్లాడేవోళ్లో నీకు తెలీదా మా? శానామంది అట్లే రాపిచ్చినారు," అన్నాడు జిలాని.

అది నిజమే. ఆ పేజీలో ఇంకో మూడిళ్లకు అదే మాట ఉంది. ఆ ముగ్గురు ఆడవాళ్లూ ఆ ఏడాది మస్కట్‌లోనో, కువైట్‌లోనో అంట్లు తోముతున్నారు.

"ఆ యేడే నేను పంపిన దుడ్లతో మీ నాయన ఇంటికి మిద్దె ఏపిచ్చినాడు," అంది అత్త. జిలాని వైపు తిరిగి, "బళ్లో మీయమ్మ యాడరా అంటే నువ్వేం సెప్పేవోడివి?" అంది.

జిలాని పళ్లెంలో ఎముకను పక్కకు నెట్టాడు.

"నాయన సెప్పమన్నిందే సెప్పినా."

అత్త ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలి మింగి, నీళ్లు తాగింది.

"టికెట్ క్యాన్సిల్ సెయ్. మీ నాయనకు మనిషిని పెట్టుకోండి. సోహార్‌లో మా మదాం మంచాన పడింది, నాకోసం ఫోన్ల మీద ఫోన్లు సేస్తాంది. ఆడికి పోతాండా."

"ఎన్నాళ్లకు మా?"

"ఈడికైతే మళ్లీ రాను," అంది అత్త.