జపాను లేతు షష్టిపూర్తి

నేను ఒక లేతు మిషన్ని. ఇనుప కడ్డీని గిరగిరా తిప్పి నున్నగా చెక్కడం నా పని. పుట్టింది జపానులో, బతుకుతున్నది బెజవాడ ఆటోనగర్‌లో. నా ఒంటి మీద ఇత్తడి రేకు ఒకటుంది. దాని మీద రెండు జపాను అక్షరాలు, పక్కన 63 అనే అంకె. నాకు జరిగిన మర్యాదలకీ, తరవాత జరిగిన అన్యాయానికీ ఆ అంకే కారణం.

జపానువాళ్ళకో అలవాటుంది. కొత్త చక్రవర్తి గద్దెనెక్కగానే ఏళ్ళని మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెడతారు. షోవా యుగం అరవై మూడో ఏట నేను తయారయ్యాను. నాకు ఏడాది నిండకుండానే ఆ చక్రవర్తి పోయారు, దేశం మొత్తానికీ మళ్ళీ ఒకటో ఏడు వచ్చింది. నేను మాత్రం కడ్డీలు చెక్కుకుంటూ కూర్చున్నాను. పదమూడేళ్ళు ఒసాకాలో ఒక పెద్దమనిషి షెడ్డులో పనిచేశాక, ఆయన నాకు వంగి దణ్ణం పెట్టి ఓడ ఎక్కించేశాడు.

బెజవాడలో నన్ను దింపుకున్న ఓనరు సుదర్శనంగారు రేకు చూసి ఎగిరి గంతేశారు.

"అరవై మూడు! పంతొమ్మిదొందల అరవై మూడు మోడలు! ఇదిరా జపానోడి పనితనమంటే!"

పదమూడేళ్ళవాణ్ణి, ఒక్క మాటతో ముప్పై ఎనిమిదేళ్ళవాణ్ణయ్యాను. కాదని చెప్పడానికి నాకు నోరా, పాడా? దసరా పూజలో మొదటి కొబ్బరికాయ నాకే కొట్టేవారు. "పెద్ద ప్రాణం, ఒక షిఫ్టు చాల్లే" అని ఎండాకాలంలో ఫ్యాను కూడా పెట్టించారు. మనుషులు వాళ్ళింట్లో పెద్దవాళ్ళకి ఫ్యాను పెట్టేముందు రెండుసార్లు ఆలోచిస్తారని తరవాత తెలిసింది.

ఇక్కడ నన్ను నడిపింది మాత్రం ఎప్పుడూ ఆపరేటరు మస్తానే. నా చప్పుడు విని ఎక్కడ నూనె కావాలో చెప్పగలడు. నేనుంటే ఆయనకి పని, ఆయనుంటే నాకు ప్రాణం.

2023లో సుదర్శనంగారికి బుద్ధి పుట్టి నాకు షష్టిపూర్తి తలపెట్టారు. అరటి బోదెలు, పూలదండలు, '1963–2023' అని బ్యానరు! ఆ ఊపులో పంపుల కంపెనీ ఇన్‌స్పెక్టరుని కూడా పిలిచారు. షాపు చూసి పనులివ్వాలో వద్దో తేల్చేది ఆయనే. బ్యానరు చూడగానే ఆయన ఫైలు తెరిచాడు.

"నలభై ఏళ్ళు దాటిన మిషనుంటే మేం పనివ్వమండీ."

"రేపే తుక్కుకి పంపేస్తాను సార్!" అన్నారు సుదర్శనంగారు. ఇరవై రెండేళ్ళ భక్తి ప్లేట్లో ఇడ్లీ చల్లారేలోపే చల్లారిపోయింది. నేను పోతే మస్తానూ ఇంటికే.

అప్పుడు మస్తాన్ కూతురు నస్రీన్ నా దగ్గరికొచ్చింది. నర్సు పనికి జపాను వెళ్ళాలని ఆ భాష నేర్చుకుంటోంది. రేకు మీది మసి కొంగుతో తుడిచింది.

"నాన్నా, ఇది షోవా! షోవా ఏడాదికి పంతొమ్మిదొందల ఇరవై అయిదు కలపాలి. ఇది ఎనభై ఎనిమిదిలో చేసింది."

ఇన్‌స్పెక్టరు ఫోనులో చూసుకుని తలూపాడు. "ముప్పై అయిదేళ్ళు. సరే." నేను బతికిపోయాను. మస్తాన్ నా మీద చెయ్యేసి నిమిరాడు.

"ఆపరేటరు వయసెంత?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

మస్తాన్ ఆధార్ కార్డు ఇచ్చాడు. దాన్ని రాసినాయన, చిన్నప్పుడే నెరిసిన మస్తాన్ గడ్డం చూసి, 1963 జనవరి ఒకటి అని వేసేశాడు.

"అరవై నిండాయే! అరవై దాటినవాళ్ళు మిషను మీద ఉండకూడదు."

"కాదు సార్, దివిసీమ ఉప్పెన నాటికి నేను మూడేళ్ళోణ్ణి. మా అమ్మ నన్ను చంకనేసుకుని పరిగెత్తిందంట."

"ఉప్పెనొచ్చింది డెబ్భై ఏడులో, అందులోంచి మూడు తీసేయండి సార్. నలభై తొమ్మిదే!" అంది నస్రీన్.

"ఉప్పెన లెక్కలు మాకు పనికిరావమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఎక్కడో జపాను చక్రవర్తి గద్దెనెక్కిన లెక్క చెల్లింది. పిల్లాణ్ణి చంకనేసుకుని పరిగెత్తిన తల్లి లెక్క చెల్లలేదు.

తెచ్చిన దండలు వృథా కాకూడదని సుదర్శనంగారు వాటిని మస్తాన్ మెడలో వేశారు. మర్నాటి నుంచి ఆయన గేటు దగ్గర వాచ్‌మను. వయసులో ఉన్నవాణ్ణని తేలింది కదా, నాకు ఫ్యాను పీకేసి రెండు షిఫ్టులు వేశారు. కొత్తవాడి చేతుల్లో నేను కాస్త వణుకుతున్నాను.

"ముసలిదైపోయింది" అంటున్నారు సుదర్శనంగారు.

నాకు ముప్పై అయిదేనండీ. మస్తాన్‌కి నలభై తొమ్మిది.