చెంప మీద నిమ్మనూనె

సాయికుమారికి చేతివేళ్ల సందుల్లో దురద మొదలై, తోలు పొలుసులుగా లేచిపోయి, మూడు నెలలు బాధపెట్టింది. ఎన్ని పూతలు పూసినా తగ్గలేదు. చివరికి గల్ఫ్‌లో, జుఫైర్ అనే పేటలో తామున్న వీధిలోనే క్లినిక్ నడిపే డాక్టర్ వినోద ఆ చేతులు అటూ ఇటూ తిప్పి చూసి, "మీరు చేతులు కడుక్కునే ఆ గులాబీరంగు సబ్బునీళ్లు ఆపెయ్యండి. అందులో కలిపిన సువాసన మీకు పడట్లేదు," అంది. ఆపిన పదో రోజుకి చేతులు నున్నగా అయ్యాయి.

అక్కడితో ఆగి ఉంటే చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. కానీ సాయికుమారి ఏ పనీ సగంలో ఆపే మనిషి కాదు. స్కూలు ఆఫీసులో పదకొండేళ్లుగా అడ్మిషన్ కాగితాలు తనిఖీ చేసే ఉద్యోగం ఆమెది. ఒక్క అక్షరం తేడా ఉన్నా కాగితం వెనక్కి వెళ్లాల్సిందే. ఆ చూపు ఇప్పుడు స్నానాలగది మీద పడింది. సీసాల వెనక చీమ తలకాయంత అక్షరాలన్నీ భూతద్దం పెట్టి చదివింది. నోరు తిరగని పేరు కనిపిస్తే ఆ సీసా ఖలాస్. వారం తిరిగేసరికి షాంపూ పోయింది, పౌడరు పోయింది, టూత్‌పేస్టు, భర్త షేవింగ్ క్రీము పోయాయి. ఆఖరికి పూజ అలమరలో అగరుబత్తీలు కూడా చెత్తబుట్టలోకి వెళ్లాయి.

"దేవుడికి కూడా పడటంలేదా?" అన్నాడు చలపతిరావు.

"వెలిగించేది దేవుడికే గానీ పీల్చేది మనం కదండీ."

చలపతిరావు ఓ నిర్మాణ కంపెనీలో ఎస్టిమేటరు. గలాలీలో కడుతున్న ఇళ్ల దగ్గర అతని సైటాఫీసు. మెతక మనిషి. కుంకుడురసం కళ్లల్లో పడి మండినా ఊరుకున్నాడు. పళ్లపొడి రాలి చొక్కాలు పాడైనా ఊరుకున్నాడు. చంకల్లో కొట్టుకునే స్ప్రే డబ్బా కూడా పారేసిందని తెలిసిన రోజు మాత్రం ఊరుకోలేకపోయాడు.

"సాయీ, మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి నా పక్కన నేనే నిలబడలేను. మిగతావాళ్ల సంగతి ఆలోచించు."

"మీకు నేను చేసిస్తానుగా," అంది సాయికుమారి.

మనామా సూక్ బజారులో నూనెలమ్మే ఒక ముసలాయన కొట్టుకి వెళ్లి ఆమె గంటసేపు నిలబడింది. ఈ నిమ్మనూనె ఎక్కడిది, తొక్కని పిండి తీశారా, ఆవిరి పట్టి తీశారా, వాసన కోసం ఫ్యాక్టరీ సరుకేమైనా కలిపారా అని హిందీలో ఒకటే ప్రశ్నలు. ఆయన ల్యాబు కాగితం తెచ్చి చూపిస్తే ముందూ వెనకా చదివింది.

"అమ్మా, నాకు పిల్లనిచ్చేటప్పుడు మా మామగారు కూడా ఇన్ని అడగలేదు," అన్నాడాయన.

పచ్చి నిమ్మతొక్కని పిండి తీసిన నూనె ఒక చిన్న సీసాడు కొని, ఇంటికొచ్చి కొబ్బరినూనెలో కలిపింది. నాలుగు చుక్కలు చాలని ఎక్కడో చూసింది గానీ, ఇంత మంచి నూనె దొరికాక పిసినారితనం ఎందుకని నలభై వేసింది. వాసన నిజంగానే బాగుంది. చలపతిరావు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

ఆ శుక్రవారం కంపెనీవాళ్లందరూ జల్లాఖ్ బీచికి పిక్నిక్ వెళ్లారు. సాయికుమారి పెద్ద గిన్నెడు పులిహోర చేసి తెచ్చింది. మధ్యాహ్నం క్రికెట్టు మొదలైంది. అంపైరుగా నిలబడటానికి చలపతిరావు పరుగెత్తబోతుంటే ఆమె రెక్క పట్టుకు ఆపింది.

"ఉప్పుగాలికి మొహం ఎండిపోతుందండీ, ఆగండి."

అరచేతిలో నూనె పోసుకుని అతని ఎడమ చెంప మీద అద్దింది. రుద్దేలోపే "అంపైర్ సార్, యల్లా, తొందరగా రండి!" అని అరుపులు వినిపించాయి. అతను వెళ్లిపోయాడు. మూడు గంటలసేపు ఎడమ చెంప ఎండకి ఇచ్చి, వేలు ఎత్తుతూ దించుతూ నిలబడ్డాడు.

శనివారం సాయంత్రం చెంప చిరచిరలాడింది. ఆదివారం పొద్దున్న అద్దంలో చూసుకుంటే నాలుగు వేళ్లూ, బొటనవేలూ, అరచేతి అంచుతో సహా ఎర్రగా తేలి ఉన్నాయి. డ్యూటీకి వేళవుతోందని అలాగే వెళ్లాడు.

సైటులో మొదట చూసినవాడు మేస్త్రీ లచ్చన్న. జగిత్యాల దిక్కువాడు, పాతికేళ్లుగా ఇక్కడే ఉన్నాడు.

"సార్, చెంపకేమైంది?"

"ఏం లేదు లచ్చన్నా. నూనె పడలేదు."

లచ్చన్న దగ్గరకొచ్చి కళ్లు చిట్లించి చూశాడు. "నూనెకు గూడ వేళ్లుంటయా సార్?" అని మెల్లగా అడిగి, జవాబు కోసం ఆగకుండా తల పంకిస్తూ వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి సైటంతా చలపతిరావుని చూసే తీరు మారిపోయింది. టీలో రెండు చెంచాల చక్కెర ఎక్కువ పడింది. ఎప్పుడూ కసిరే మేనేజరు భుజం మీద చెయ్యేసి, ఇంటికి తొందరగా వెళ్లాలని లేకపోతే ఆఫీసులోనే కూర్చోవచ్చు అన్నాడు. హెచ్‌ఆర్ చూసే బేబి మేడం అతన్ని గదిలోకి పిలిచి తలుపు వేసింది. కేరళ ఆవిడ, హైదరాబాదులో పదేళ్లు పనిచేసి తెలుగు నేర్చింది. టిష్యూ కాగితాల డబ్బా అతని ముందుకి జరిపింది.

"చలపతిగారూ, మగవాళ్లకి కూడా జరుగుతుంది. సిగ్గుపడొద్దు."

"అయ్యో, అది నూనె మేడం!"

"అందరూ ఏదో ఒకటి చెప్తారు. తలుపు తగిలిందంటారు, జారిపడ్డామంటారు." ఆవిడ నిట్టూర్చింది. "నూనె అన్న మనిషి మాత్రం మీరే మొదలు."

చలపతిరావు ఇక గట్టిగా వాదించలేదు. స్ప్రే డబ్బా పారేయడం దగ్గర్నుంచి నలభై చుక్కల దాకా చెప్పుకురావడం కంటే దెబ్బ తిన్నవాడిగా ఉండిపోవడమే సులువనిపించింది. పైగా టీ బాగుంది.

సోమవారం సాయికుమారి ఫోన్ మోగింది.

"అమ్మా, నేను లచ్చన్నను. మొన్న పులిహోర పెట్టిన్రు గదా, గా లచ్చన్నను. ఏమనుకోకున్రి. సార్ శాన మంచోడు. ఏదన్న తప్పు జేస్తే నోటితోని చెప్పున్రి, ఇంటడు. గట్ల మొకం మీద కొడితె పదిమందిల ఎట్ల తిరుగుతడు?"

సాయికుమారికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె మొహం కూడా భర్త చెంపలాగే ఎర్రబడింది. సాయంత్రం అతను గుమ్మంలోకి రాగానే మొదలుపెట్టింది.

"నేను కొట్టానని సైటంతా అనుకుంటుంటే మీరు నోరు మూసుకుని టీలు తాగుతున్నారా?"

"చెప్పాను. నమ్మలేదు."

"ఎన్నిసార్లు చెప్పారు?"

"ఒకటిన్నర సార్లు."

అటునుంచి అటే డాక్టర్ వినోద దగ్గరికి లాక్కెళ్లింది. ఆవిడ చెంప చూసి, నూనె సంగతి విని, "రాసుకుని ఎండలో నిలబడ్డారా?" అని అడిగింది.

"మూడు గంటలు," అన్నాడు చలపతిరావు.

"ఆ ముసలాయన కల్తీ సరుకు అంటగట్టాడు, అవునా డాక్టరుగారూ?"

"కాదమ్మా. పిండి తీసిన నిమ్మనూనె ఎండ తగిలితే చర్మాన్ని కాలుస్తుంది. ఆ గుణం తొక్కలోనే ఉంటుంది. ఇంత బాగా కాలిందంటే సరుకు అసలైనదే అయ్యుంటుంది. ఫ్యాక్టరీ నిమ్మవాసన అయితే బహుశా ఈ మచ్చ పడేది కాదు."

సాయికుమారి మొహం వెలిగిపోయింది. "విన్నారా! అసలైనదేనట!"

చలపతిరావు చెంప తడుముకున్నాడు. డాక్టరుకి నవ్వాగలేదు. మందు రాసిచ్చి, మచ్చ గోధుమరంగుకి తిరిగి నెలా రెండు నెలల్లో పోతుందని చెప్పింది. "మీకు పడని సువాసన మానేశారు, మంచిదే. కానీ చెట్టు నుంచి వచ్చినదల్లా మెత్తగా ఉంటుందని ఎవరు చెప్పారు?" అంది. సాయికుమారి సంచిలోంచి సీసా తీసి భూతద్దం పెట్టి చూసింది. ఎండలోకి వెళ్లొద్దని అడుగున రాసే ఉంది. ఫ్యాక్టరీ పేర్ల కోసమే వెతికిన కళ్లకి ఆ ముక్క ఆనలేదు. ఆ రాత్రి ఆమె సరిగ్గా అన్నం తినలేదు. "నొప్పిగా ఉందా అండీ?" అని నాలుగుసార్లు అడిగింది.

కానీ పరువు సంగతి అలాగే ఉండిపోయింది. మంగళవారం భోజనాలవేళకి ఆమె సీసా పట్టుకుని గలాలీ సైటుకి వచ్చేసింది. లచ్చన్ననీ, అక్కడున్న పదిమందినీ పిలిచి జరిగిందంతా చెప్పింది. అందరూ మర్యాదగా విన్నారు. ఎవరూ నమ్మలేదు.

"సరే, చూడండి," అంటూ కుడిచేతికి నూనె పూసుకుని తన ఎడమ ముంజేతి మీద అయిదు వేళ్లూ గట్టిగా అద్దింది. "వద్దు సాయీ, డాక్టరు తిడుతుంది," అంటూ చలపతిరావు పరుగెత్తుకొచ్చేలోపే ఇటుకల దొంతర మీద కూర్చుని చెయ్యి ఎండకి చాపింది. గంటసేపు కదల్లేదు. అతను గొడుగు తెచ్చి పడితే పక్కకి తోసేసింది. అప్పుడతనికి ఆమె మీద కోపం రాలేదు. ఇంత మొండిమనిషి తన కోసం ఎండలో కూర్చుందని లోపలెక్కడో గర్వంగా అనిపించింది.

గురువారం పొద్దున్నకి ముంజేతి మీద అయిదు వేళ్లూ తేలాయి. సాయికుమారి చెయ్యి పైకెత్తుకుని మళ్లీ సైటుకి వచ్చింది. లచ్చన్న చూసి రెండు చెవులూ పట్టుకున్నాడు.

"తప్పైంది అమ్మా! నూనెకు నిజంగనే వేళ్లున్నయి!"

అంతా నవ్వుతుండగా ఆఫీసు మెట్ల మీద బేబి మేడం కనిపించింది. మంగళవారం ఆవిడ సెలవులో ఉంది. చలపతిరావు చెంప చూసింది, సాయికుమారి చెయ్యి చూసింది.

"ఓహో, ఇప్పుడు మీరు కూడా మొదలుపెట్టారా?" అంది చలపతిరావుతో. "ఇద్దరూ లోపలికి రండి."

లోపల ఆవిడకి నచ్చజెప్పడానికి లచ్చన్న సాక్ష్యమూ, డాక్టరు చీటీ కూడా కావాల్సి వచ్చాయి. నమ్మాక మాత్రం ఆవిడ కళ్లు తుడుచుకునేంతగా నవ్వింది.

డాక్టర్ వినోద తిట్టవలసినంతా తిట్టింది. ఇంట్లోకి వాసన లేని సబ్బూ, వాసన లేని స్ప్రే వచ్చాయి. రెండూ ఫ్యాక్టరీవే. వాటి మీద ఉన్న ప్రతి అక్షరం, వాడే పద్ధతితో సహా, సాయికుమారి చదివాకే గడప దాటాయి.

వేసవిలో లచ్చన్నకి సెలవు దొరికింది. ఊరికి పట్టుకుపోవడానికి మంచి సబ్బులు చూపించమని సాయికుమారినే అడిగాడు. చలపతిరావుతో కలిసి ముగ్గురూ సూపర్‌మార్కెట్‌కి వెళ్లారు. ఆమె తెల్లగా, ఏ వాసనా లేని సబ్బు తీసి అతని చేతిలో పెట్టింది.

"ఇది తీసుకో లచ్చన్నా. ఎవరికైనా పడుతుంది."

లచ్చన్న దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని మొహమాటంగా నిలబడ్డాడు. "అమ్మా, పెట్టె తెరిస్తె వాడకంత గుప్పుమనాలె. మా ఊర్లె గల్ఫంత దుబాయే. వాసన లేని సబ్బు గొంచవోతె నేను దుబాయికెళ్లే వచ్చిన్నని మా ఇంటామె అంజవ్వ నమ్మది."

సాయికుమారి ఏదో అనబోయి ఆగింది. అరల మధ్య అటూ ఇటూ తిరిగి, ఒక్కొక్కటీ వాసన చూస్తూ, అన్నిటికంటే ఘాటైన సబ్బు ఏరి, అరడజను అతని బుట్టలో వేసింది.

"ఒక్క మాట, లచ్చన్నా. అంజవ్వకి దురద పుడితే మాత్రం నాకు ఫోన్ చెయ్యి," అంది తుమ్ముతూ.