ఆవిడ తీసుకున్న ఊపిరి

క్యాసెట్టు నిన్ననే పాత ప్లేయరులో చిక్కుకుని ముక్కలైంది. అయినా నేను బెంగపడలేదు. మా ఆవిడ బతికుండగా పాడిన జోలపాట అప్పటికే కంప్యూటర్‌లోకి చేరింది. అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. పుట్టబోయే బిడ్డకు అమ్మమ్మ గొంతు వినిపించాలని దాని కోరిక.

మా మరదలు, అంటే ఆవిడ చెల్లెలు, రేడియోలో రికార్డింగులు సరిచేసే ఉద్యోగం చేస్తుంది. ఏం చేయాలో ఫోనులో చెబితే వరసగా రాసుకున్నాను. అసలు ఫైలుకు నకలు తీసి, దాని మీదే పనిచేయాలి. పాట లేనిచోట కాస్త ముక్క గుర్తించి, తీసేయాల్సిన రొద ఇదీ అని సాఫ్ట్‌వేర్‌కు చూపించాలి. హెడ్‌ఫోన్స్‌తో వింటూ కొద్దికొద్దిగా తీయాలి, ఒక్కసారే కాదు.

ఒక్క పాటకు నకలెందుకులే అని నేను రెండో పనితో మొదలుపెట్టాను.

ఉదయం తొమ్మిదికి కూర్చుంటే పదకొండుకల్లా గరగర మొత్తం పోయింది. సేవ్ చేసి, కళ్లు మూసుకుని విన్నాను. గొంతు శుభ్రంగా ఉంది. మనిషి లేదు. ఆవిడకు ఉబ్బసం. రెండో చరణానికి ముందు తీసుకునే ఊపిరిలో సన్నని కూత ఉండేది. రొదతోపాటు అదీ పోయింది.

మరదలికి ఫోన్ చేశాను.

"సేవ్ చేశారా?"

"చేశాను."

"అసలు దాని మీదే?"

"దాని మీదే."

"ప్రోగ్రాం మూసేశారా, బావగారూ?"

"లేదు, తెరిచే ఉంది."

"అయితే బతికిపోయారు. మూస్తే మీరు చేసినవన్నీ మర్చిపోతుంది. తెరిచున్నంతసేపూ వెనక్కి నడిపించొచ్చు."

అప్పుడే తెర మూలన ఒక ప్రకటన వచ్చింది. అప్‌డేట్ అయిందట, ఐదు నిమిషాల్లో కంప్యూటర్ తనంతట తానే ఆగి మళ్లీ మొదలవుతుందట. 'తర్వాత' అన్నచోట నొక్కితే కదల్లేదు.

"ఐదు నిమిషాలే ఇచ్చిందమ్మా."

"మీరు తయారవడానికి అక్క అంతకూడా ఇచ్చేది కాదుగా. కంట్రోల్, జెడ్ కలిపి నొక్కండి."

నొక్కాను. "ఏం కాలేదు."

"తెర మీద అలల్లా కనబడే పాట గీతల మీద ఒకసారి మౌస్ నొక్కి, మళ్లీ."

ఈసారి గీతలు కదిలాయి. గరగర ఒక పొర తిరిగొచ్చింది.

"ఎన్ని మార్పులు చేశారు?"

"లెక్కపెట్టలేదు."

"పైగా డిగ్రీ చదివారు. ఇంక వెనక్కి పోనని అది మొరాయించేదాకా నొక్కండి."

పదహారోసారికి మొరాయించింది. రెండు నిమిషాలు మిగిలాయి.

"ఇప్పుడు కొత్త పేరుతో సేవ్ చేయండి."

ఏ పేరూ తోచలేదు. వంటింట్లో ఆవిడ నాకు అందే డబ్బాలన్నిటి మీదా అతికించిన చీటీ గుర్తొచ్చి, అదే కొట్టాను: ముట్టుకోవద్దు.

సేవ్ అవుతున్న పచ్చగీత సగంలో ఆగింది. ఫోనులో మరదలు ఊపిరి కూడా వినబడలేదు. గీత మెల్లగా నిండింది. కాసేపటికి తెర నల్లబడింది.

"ఉన్నారా బావగారూ?"

"ఉన్నాను. మళ్లీ మొదలవుతోంది."

ఫైలు తెరిచి, ఫోను స్పీకరు పక్కన పెట్టాను. గరగర. పాట. రెండో చరణానికి ముందు, ఆ సన్నని కూత.

అవతల మరదలు ముక్కు చీదిన చప్పుడైంది.

"ఇంకా శుభ్రం చేస్తారా దాన్ని?"

"నకలు తీశాక చెబుతాను," అన్నాను.