శేషగిరి గారి పదిహేను సెకన్లు

శేషగిరి గారు మాట్లాడటం మొదలుపెడితే మధ్యలో ఆపడం కేంద్ర ప్రభుత్వంలో ఎవరివల్లా కాలేదు. ఆయన డైరెక్టరు. మా ఆయన నిరంజన్ ఆయన కింద అండర్ సెక్రటరీ. మా ఆయన ఏడాదంతా ఎలా పనిచేశారో ఏప్రిల్లో రిపోర్టు రాసేది శేషగిరి గారే కాబట్టి మా ఇంట్లో కూడా ఆయన మాటకి అడ్డు లేదు. ఆయన ఫోన్ చేస్తే స్పీకర్లో పెట్టి నేను పప్పులో రాళ్ళు ఏరుకుంటాను, మా ఆయన మధ్య మధ్య "ఎస్ సర్" అంటుంటారు. మా ఆయన స్నానానికి వెళ్ళవలసి వస్తే ఆ "ఎస్ సర్" నేను అంటాను. ఇంతవరకు తేడా ఎవరూ కనిపెట్టలేదు.

ఏటా చలికాలంలో మేం మూడు తెలుగు కుటుంబాలు మూడు కార్లలో ఢిల్లీ నుంచి లాన్స్‌డౌన్ కొండలకి వెళ్తాం. శేషగిరి గారు, ఆయన భార్య లలితకుమారి గారు ఒక కారు. మేమొకటి. కంటోన్మెంటులో ఉండే కల్నల్ విష్ణువర్ధన్, వాసవి దంపతులది మూడోది. పోయినసారి కోట్‌ద్వార్ దాటాక కొండల్లో ఫోన్లు పనిచేయక మూడో కారు తప్పిపోయింది. మేం ఊళ్ళన్నీ వెతికి పట్టుకునేసరికి వాళ్ళు ఒక డాబా ముందు ఎండలో కూర్చుని పకోడీలు తింటున్నారు. మమ్మల్ని చూసి వాళ్ళేమీ సంతోషించినట్టు కనబడలేదు.

అందుకని ఈసారి వాకీటాకీలు కొనాలని శేషగిరి గారు తీర్మానించారు. మా హాల్లోనే మీటింగు జరిగింది.

"విష్ణూ, నువ్వు ఆర్మీవాడివి. నువ్వు చూసుకో."

"సర్, నాది సప్లై కోర్. నా సర్వీసుల రేడియో ఎన్నడు పట్టలే, ఉల్లిగడ్డల బస్తాలు పట్టిన" అన్నాడు విష్ణువర్ధన్.

తన సంగతిలో ఎప్పుడూ ముందుకు రాని మా ఆయన నా సంగతిలో వెంటనే వచ్చారు. "మా కిరణ్మయి బీఎస్సీ ఎలక్ట్రానిక్స్, సర్."

ఆ డిగ్రీతో అప్పటిదాకా నేను చేసిన పెద్ద ప్రయోగం టీవీ రిమోట్‌లో బ్యాటరీలు అటూ ఇటూ మార్చి వేయడం.

మర్నాడు పాత ఢిల్లీలో ఒక దుకాణానికి వెళ్ళాం. అతను ముందు పొడుగాటి యాంటెన్నాతో నల్లగా నిగనిగలాడేది తీశాడు. ధర తక్కువ. అట్టపెట్టె మీద యాభై కిలోమీటర్లని రాసి ఉంది.

"యాభై కిలోమీటర్లు ఎక్కడ భయ్యా?" అని హిందీలో అడిగాను.

"బీచ్ మే కుఛ్ న హో తో, మేడమ్."

మధ్యలో ఏమీ అడ్డం లేకపోతేనట. మధ్యలో ఏమీ లేకపోతే మేం కొండలకెందుకు వెళ్తాం?

"లైసెన్సు కావాలా దీనికి?"

"కౌన్ పూఛ్తా హై, మేడమ్."

ఎవరడుగుతారన్న ఆ మాట వినగానే మా ఆయన పెనం మీద చెయ్యి పడ్డట్టు సెట్టు వదిలేశారు. ప్రభుత్వ ఉద్యోగికి శాఖాపరమైన విచారణ అంతా ఆ మాటతోనే మొదలవుతుందని ఆయన నమ్మకం. చివరికి లైసెన్సు అక్కర్లేని చిన్నవి మూడు తీసుకున్నాం. అర వాట్ సెట్లు. కారుకీ కారుకీ మధ్య కిలోమీటరు, రోడ్డు దయతలిస్తే ఇంకొంచెం.

"అర వాటేమిటమ్మా?" అన్నారు శేషగిరి గారు ఫోన్లో. "కనీసం ముందు కారుకైనా కాస్త పవర్ ఎక్కువుండాలి కదా."

"అందరికీ సమానంగానే ఉండాలని రూలుందండి."

"రూలుందా. అయితే సరే" అని, రూలు అన్న మాట మీద చాలాసేపు మాట్లాడారు. పప్పు మొత్తం శుభ్రమైంది.

సెట్లని వరసగా డైనింగ్ టేబుల్ మీద పెట్టి, కేబుల్‌తో ఒక్కొక్కదాన్నీ ల్యాప్‌టాప్‌కి కలిపాను. పని పెద్ద కష్టం కాదు. మూడింటికీ ఒకే ఛానెల్ ఇవ్వాలి, ఒకే టోన్ నంబరు ఇవ్వాలి. టోన్ ఒక్క అంకె తేడా వచ్చినా పక్కపక్కనే కూర్చుని కూడా ఒకరి మాట ఒకరికి వినబడదు. రెండో సెట్టుకి పొరపాటున వేరే అంకె వేసి, వంటింట్లోంచి సెట్టులో మా ఆయన్ని ఎంత పిలిచినా పలకకపోతే అది అలవాటే కదా అని పొద్దుపోయేదాకా తప్పు కనిపెట్టలేదు.

ఆ పని మధ్యలో ఉండగా లలితకుమారి గారు సెట్టు వాడటం నేర్చుకోవడానికని వచ్చారు. బండి నడిపేవాళ్ళు సెట్టు పట్టుకోకూడదు కనుక పక్కన కూర్చున్నవాళ్ళే దాన్ని నడిపేవాళ్ళ నోటి దగ్గర పెట్టి బటన్ నొక్కాలని ముందే అనుకున్నాం.

"ఏటే అమ్మాయ్, ఇది నొక్కితే మనం మాట్లాడాలి, వదిలితే అవతలోళ్ళు మాట్లాడాలి. అంతేనా?"

"అంతే ఆంటీ. నొక్కినంతసేపూ ఈ ఎర్ర లైటు వెలుగుతుంది."

"ఒకళ్ళు నొక్కి పట్టుకుంటే రెండోవాళ్ళు మాట్లాడలేరా?"

"మాట్లాడలేరు."

"అయితే నాకు కొత్తగా నేర్చుకోడానికేం లేదు" అని ఆవిడ సెట్టు బల్ల మీద పెట్టేశారు.

టీలో బెల్లం వేసి ఇచ్చాను. ఆవిడ ఒక గుక్క తాగి కప్పులోకి చూశారు. ఆవిడది అనకాపల్లి దగ్గర ఊరు. వాళ్ళ నాన్నగారికి చెరకు గానుగ ఉండేది. పెనంలోంచి తీసిన వేడి పాకం చెరకు ముక్కకి చుట్టి ఇస్తే పిల్లలంతా పొయ్యి చుట్టూ నిలబడి తినేవారట.

"మనం ఏటా వెళ్ళే దార్లో, బిజ్నోర్ దాటాక ఉందే ఒక గానుగ. ఆ వాసన కార్లోకి వస్తుంది. ఆపండి అంటాను. వచ్చేటప్పుడు చూద్దాం అంటారు. వచ్చేటప్పటికి పొయ్యి ఆర్పేసి ఉంటారు" అన్నారావిడ. "ఇంక ఇదే ఆఖరు. మే నెలలో రిటైరైపోతారు. మియాపూర్లో తొమ్మిదో అంతస్తు. అక్కడ గానుగ ఎవడాడతాడు?"

"ఈసారి గట్టిగా చెప్పండి ఆంటీ."

"చెప్పడం మొదలెడతానే. పూర్తి చెయ్యడమే పడదు."

ఆవిడ వెళ్ళాక మళ్ళీ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. అంతవరకు చూడని ఒక గడి కనబడింది. టైమవుట్ టైమర్ అట. ఎవరైనా బటన్ నొక్కిపట్టి మాట్లాడుతూనే ఉంటే, ఇన్ని సెకన్ల తర్వాత సెట్టు ఒకసారి కుయ్యిమని తనంత తానే ఆ మాట ఆపేస్తుంది. మళ్ళీ వదిలి నొక్కితేగాని మాట బయటికి పోదు. నేను చదివిన పుస్తకాల్లో దేంట్లోనూ ఇంత ఊరటనిచ్చే వాక్యం లేదు. కంపెనీవాళ్ళు నూట ఎనభై అని పెట్టారు. మిగతా రెండింటినీ అలాగే వదిలి, శేషగిరి గారి సెట్టుకి మాత్రం పదిహేను చేశాను.

ఆ సందుల్లో లలితకుమారి గారి మాట కూడా ఒకటి దూరుతుందని నా ఆశ.

బయల్దేరిన రోజు మీరట్ దాటుతుండగా పొగమంచు విడింది, శేషగిరి గారు మొదలుపెట్టారు.

"మీరట్ అనగానే మనందరికీ ముందుగా గుర్తు రావలసినది ఏమిటంటే, చాలామంది పొరపాటుగా అనుకుంటారు, కానీ అసలు సంగతి—"

కుయ్.

"హలో. నేను అంటున్నది ఏమిటంటే, ఇందాక చెప్పిన విషయానికే వస్తే, అంటే మీరట్ గురించి—"

కుయ్.

ప్రతిసారీ ఇందాకటి విషయానికి వచ్చేసరికే పదిహేను సెకన్లూ అయిపోతున్నాయి. ఆ సందులో విష్ణువర్ధన్ "సర్, ముంగట చెరకు ట్రాక్టర్ ఉన్నది, జర చూసుకోండ్రి" అన్నాడు. వాసవి టీ కావాలంది. మా ఆయన, ఎన్నో ఏళ్ళ సర్వీసులో మొదటిసారి, డైరెక్టరు గారి సమక్షంలో "నాక్కూడా" అన్నారు.

మవానాలో టీకి ఆగాం. నేను లోపల్లోపల మురిసిపోతుంటే లలితకుమారి గారు గ్లాసు పట్టుకుని నా పక్కకి వచ్చారు. మొహం వాడిపోయి ఉంది.

"అది కుయ్యిమన్నప్పుడల్లా మిగతాదంతా నాకు చెప్తున్నారే" అన్నారు మెల్లగా.

నాకు టీ పొలమారింది. ఇటు గట్టు వేస్తే నీళ్ళు అటు పోతాయని బీఎస్సీలో చెప్పలేదు.

"కుయ్యిమంటే ఎర్ర లైటు ఆరిపోతోంది. అప్పుడు మీకెవరికీ వినబడదా?"

"వినబడదు ఆంటీ."

"కుయ్యిమనకుండా నేను బొటనవేలు తీసేసినా ఆరిపోతుందా?"

"ఆరిపోతుంది."

"ఊఁ" అని ఆవిడ టీ పూర్తిగా తాగి, గ్లాసు పెట్టేసి వెళ్ళి కార్లో కూర్చున్నారు.

ఆ తర్వాత ముందు కారునుంచి మాట తగ్గిపోయింది. గంగ మీద బ్యారేజీ దాటాం. బిజ్నోర్ కూడా దాటాక, ఎడమపక్క చెరకు తోటల మీద పొగ కనబడింది. అద్దం దించాను. కాగుతున్న పాకం వాసన. ముందు కారు వేగం తగ్గలేదు.

"ఇదే గానుగ. ఆపమని చెప్తాను" అని సెట్టు తీశాను.

మా ఆయన నా బొటనవేలి వంక చూశారు. "వద్దు కిరణ్. ముందు కార్లో సర్ ఉన్నారు. ఏప్రిల్లో రిపోర్టుంది."

నేనింకా నొక్కలేదు. సెట్టే మాట్లాడింది. లలితకుమారి గారి గొంతు. ఎవరో రాసిచ్చినది చదువుతున్నంత నిదానంగా ఉంది.

"డైరెక్టరు గారి ఆదేశాల మేరకు తెలియజేయడమేమనగా, ఎడమచేతి వైపు గానుగ దగ్గర అన్ని కార్లూ ఆగవలెను. ఓవర్."

కేంద్ర ప్రభుత్వంలో ఉత్తరాలన్నీ అలాగే మొదలవుతాయి. ఫలానావారు ఆదేశించగా రాస్తున్నాను అంటారు. ఆ ఫలానావారికి సంగతి తెలుసా అని అడిగినవాడు ఇంతవరకు పుట్టలేదు. ఆవిడ "ఓవర్" అనేలోపే మా ఆయన ఇండికేటర్ వేశారు. వెనకనుంచి విష్ణువర్ధన్ "ఎస్ సర్, ఆగినం సర్" అన్నాడు.

ముందు కారు ఇంకాస్త దూరం పోయింది. సెట్టులో "నే—" అని శేషగిరి గారి గొంతు వినబడి ఆగిపోయింది. కుయ్యిమనలేదు. పదిహేను సెకన్లు కాదుగదా, ఒక్క సెకను కూడా కాలేదు. అది నేను పెట్టిన టైమర్ పని కాదు.

ఆ కార్లో ఆ కాసేపూ ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ తెలియదు. బ్రేకు లైట్లు వెలిగాయి. కారు మెల్లగా వెనక్కి వచ్చి మా పక్కన ఆగింది.

శేషగిరి గారు దిగారు. నోరు తెరిచే లోపే మా ఆయన ఎదురెళ్ళారు.

"ఎంత మంచి ఆలోచన సర్. మాకు తట్టనే లేదు."

"థాంక్యూ అంకుల్, మీరు చెప్పబట్టి ఆగాం" అంది వాసవి.

శేషగిరి గారు మా మొహాలు ఒక్కొక్కటే చూశారు. తన పేరు మీద ఆర్డరు వెళ్ళిపోయింది, అమలు కూడా అయిపోయింది. ఇప్పుడు అది నాది కాదంటే తన కారులోనే తన మాట చెల్లదని ఒప్పుకున్నట్టు. మఫ్లర్ సర్దుకున్నారు.

"ఫీల్డ్ విజిట్ లేకుండా టూరేమిటయ్యా? ఢిల్లీలోనే అనుకున్నాను" అన్నారు.

లలితకుమారి గారు అప్పటికే పెనం దగ్గరున్నారు. "భయ్యా, మైల్ నికాలో, ఔర్ నికాలో" అంటూ తెట్టు తీయిస్తున్నారు. గానుగ మనిషి చెరకు ముక్కకి పాకం చుట్టి ఇచ్చాడు. ఆవిడ ఊది, తిన్నారు.

"అనకాపల్లి రంగు రాలేదు. అయినా వేడి వేడే" అని, ఇంకో ముక్క చుట్టించి భర్త చేతికిచ్చారు.

శేషగిరి గారు దాన్ని నోట్లో పెట్టుకుని, "బెల్లం అనేది మన ప్రాచీన—" అన్నారు. పాకం పళ్ళకి పట్టేసింది.

అప్పుడు ఆవిడ వాళ్ళ నాన్నగారి గానుగ కథ మొదలుపెట్టారు. ఎద్దులు తిరగడం, పొయ్యిలో పిప్పి ఎగదోయడం, నీళ్ళలో పాకం చుక్క వేసి ముదురు చూడటం, ఒక ఏడాది వాళ్ళ తమ్ముడు పెనంలో చెప్పు పడేసి పారిపోవడం. మొదటినుంచి చివరిదాకా చెప్పారు. శేషగిరి గారు దవడ కదిలిస్తూ, చెప్పు సంగతి దగ్గర తల ఎత్తి భార్య వంక చూశారు. ఆయనకి అది తెలియదని స్పష్టంగా తెలుస్తోంది.

బయల్దేరబోతుండగా ఆవిడ సెట్టు తెచ్చి నా ఒళ్ళో పెట్టారు.

"నువ్వు దీనికి ఏదో పెట్టావు. నేను లెక్కపెట్టాను, పదిహేను అంకెలకి కుయ్యిమంటోంది. అది తీసెయ్యవే."

దాచి లాభం లేదు. ల్యాప్‌టాపూ, కేబులూ నా సంచిలోనే ఉన్నాయి. "ఎందుకు ఆంటీ, బాగానే ఉంది కదా?"

"కుయ్యిమంటే ఆయనకి మీకు వినబడలేదని తెలుస్తుంది. తెలిస్తే నాకు చెప్తారు. మీరంతా వింటున్నారనుకుంటే నా జోలికి రారు." ఆవిడ బొటనవేలు చూపించారు. "దీనికి కుయ్యిమనడం రాదు."

నూట ఎనభై చేసి ఇచ్చాను.

నజీబాబాద్ దాకా ముందు కారు వెనకద్దంలోంచి శేషగిరి గారి ఎడంచెయ్యి గాలిలో లేస్తూ దిగుతూ కనబడుతూనే ఉంది. చాలా ముఖ్యమైన విషయమే అయి ఉండాలి. సెట్టులో చీమ చిటుక్కుమనలేదు. ఆ చెయ్యి స్టీరింగు మీదికి దిగినప్పుడల్లా నేను మా సెట్టు మా ఆయన నోటి దగ్గర పెట్టి బటన్ నొక్కుతున్నాను.

"ఎస్ సర్" అంటున్నారు మా ఆయన.