కెంపు తేనెపిట్ట

కార్తికమాసమునం దొక ప్రాతఃకాలమున హిమబిందుభారమున నవనతములైన మందారశాఖలయందు బాలభానుకిరణములు ప్రసరించి యాకాకునకు నొక దీపము వెలిగించుచుండఁగా, పెడన గ్రామమున విశ్రాంతోపాధ్యాయుండును పక్షివీక్షణవ్యసనుండును స్వభావసంశయాత్ముండు నగు అవధానుల జగన్నాథశాస్త్రి, తేనెపిట్టల నిమిత్తము పంచదారనీరు పోసి తన పెరటికొమ్మకు వ్రేలాడఁగట్టిన కొబ్బరిచిప్పకడ నొక వింతపక్షినిఁ గాంచెను. ఏండ్లతరబడి యచ్చటికి వచ్చు తేనెపిట్టలన్నియు నల్లనివో నీలివో. ఇదియో శిరము మొదలు వక్షఃస్థలముదాఁక కుంకుమ పూసిన ట్లెఱ్ఱనిది. వంకరముక్కుతో నీరు పీల్చి తుఱ్ఱుమని యెగిరిపోయెను.

మఱియొకఁడైనచో మురిసిపోయియుండును. శాస్త్రి కనుమానము కలిగెను. పెరటిగోడ కావల నద్దకపుబట్టల పనివాఁడగు పిచ్చయ్య కాఁగులలో చిరివేరు మరిగించి యెఱుపు దీయుచుండును గదా! ఆ యెఱుపే యీ యెఱుపని యాయనకుఁ దోఁచెను. అకారణమనరాదు. తొల్లి యీ పిచ్చయ్యయే యొక తెల్లపావురమునకు రంగు పూసి గోడపై నిలుపఁగా, క్రొత్తజాతి దొరకినదని పక్షిప్రియుల పత్రికకు వ్రాసి శాస్త్రి నలుగురిలో నవ్వులపాలయ్యెను. అయినను వారిది ముప్పదియేండ్ల మైత్రి. ఆ గోడకుఁ గల సందులోనుండి ప్రతిసాయంకాలము కాఫీ గ్లాసు లందించుకొనుట వారి యాచారము.

ఇప్పుడు మరల పత్రికకు వ్రాయవలెనా మానవలెనా యని సతమతమగుచు శాస్త్రి మూఁడు దినములు పిట్టను విడిచి పిచ్చయ్య వ్రేళ్లను బరీక్షించెను. అవి యెఱ్ఱగా నుండెను. అద్దకపువాని వ్రేళ్లు ఎఱ్ఱగా నుండక మల్లెమొగ్గలవలె నుండునా? అనుమానము ముదిరినవాని కదియే చాలిన సాక్ష్యము.

నాల్గవనాఁటి సాయంకాలము గోడసందుకడ నిలిచి, "పిచ్చయ్యా! నన్నుఁ బరిహసించుటకై నోరులేని ప్రాణిని హింసింతువా?" యని యాయన గర్జించెను.

పిచ్చయ్య చేతిలోని గ్లాసును గోడపై నుంచెను. "శాస్త్రిగారూ! పావురము నా తప్పే. ఆ రంగు మొదటివానకే వెలిసిపోయినది. పటిక పట్టింపని యెఱుపు నీటికి నిలువదు. పటిక పట్టించి కాఁగులో నుడికించినఁగాని గట్టిపడదు. ఉడికించిన పిట్ట యెగురునా? వాన రానిండు, తమరే చూతురుగాక" యని లోనికిఁ బోయెను. ఆ కాఫీ యాతఁడు త్రాగలేదు.

వారము దిరుగకమునుపే వాయుగుండము పుట్టి మూఁడుదినములు కుంభవృష్టి కురిసెను. వాన వెలిసిన యుదయమున పిట్ట మరల వచ్చి తడిసిన మందారపుటాకులపైఁ బొరలి స్నానమాడెను. శాస్త్రి యంతకుమునుపే కొమ్మక్రింద తన తెల్లని యుత్తరీయమును బఱచి కాచుకొనియుండెను. దానిపై నీటిబొట్లు పడెను, ఎఱుపు పడలేదు. కడిగిన కెంపువలె పిట్ట మునుపటికంటె నెక్కువగా మెఱసెను.

శాస్త్రి హృదయము సిగ్గుతోఁ గ్రుంగెను. వేఁడికాఫీ గ్లాసు చేతఁబట్టుకొని గోడకడకుఁ బరుగిడి, "పిచ్చయ్యా! తప్పు నాది" యని పిలిచెను. ఆ సందు వానకు ముందే యిటుకలతో మూయఁబడియుండెను. కొమ్మనే చూచుచుండిన శాస్త్రి దానిని గమనింపలేదు.

పిట్ట చిప్పనుండి లేచి యా గోడ ననాయాసముగా దాఁటిపోయెను. కాఫీ చల్లారువఱకు శాస్త్రి యచ్చటనే నిలిచెను. బట్టకెక్కిన యెఱుపు నిలుచుటకుఁ బటిక కావలెను. మనసున కంటిన యనుమానపుమఱకకు నదియు నక్కఱలేదు.