సూదిపిట్ట రాలేదన్న మాట

చలి ఓ అడుగు వెనక్కి వేసి, పొద్దున్నే స్వెట్టరు వేసుకోవాలా వద్దా అని జనం తటపటాయించే రోజుల్లో ఊరి చివరి చిత్తడి నేల దగ్గర అలికిడి మొదలయ్యేది. పక్షుల కోసం కంచె కట్టి కాపాడుతున్న నేల అది. మధ్యలో మడుగు, చుట్టూ రెల్లు, ఒక పక్కంతా ముళ్లపొదలు. ఆదివారం తెల్లవారగానే కొందరు మెడలో బైనాక్యులర్లు తగిలించుకుని గేటు దగ్గర చేరేవారు. వడ్రంగి మేస్త్రీ వస్తే గానీ ఎవరూ లోపలికి కదిలేవారు కాదు.

జన్మంతా చెక్కలు కోసే మిషను ముందు నిలబడ్డ మనిషికి పిట్టల పిచ్చి ఎలా పట్టిందో ఆయన భార్యకే అంతుచిక్కలేదు. పట్టిందంటే పట్టింది, మరి వదల్లేదు. ఆయనకు పేరంతా చెవి వల్లే వచ్చింది. "కంటిని నమ్ముకోకండి. పిట్ట ముందు చెవికి దొరుకుతుంది, ఆ తర్వాతే కంటికి" అని కొత్తవాళ్లకు చెప్పేవాడు. రెల్లులో ఎక్కడో చిన్న కూత వినపడితే చాలు, వేలు చూపించి పేరు చెప్పేవాడు. చదువుకున్నవాళ్లూ, ఖరీదైన కెమెరాలవాళ్లూ కూడా ఆయన ముఖం వైపే చూసేవారు. ఆ చూపులు ఆయనకు బాగుండేవి. ఇంట్లో ఎవరూ ఆయన్ని అలా చూసింది లేదు.

అక్కడికొచ్చే పిట్టల్లో సూదిపిట్ట అంటే ఆయనకు ప్రాణం. బొటనవేలంత ఉంటుంది, మట్టి రంగు. ముళ్లపొదల లోలోపలే తిరుగుతూ ఎవరి కంటా పడదు. చలి తగ్గుముఖం పట్టగానే ఎక్కడి నుంచో వచ్చి వాలి, సూదిమొనంత సన్నని గొంతుతో పాడుతుంది. పుస్తకాల్లో దానికి వేరే పేరుంది గానీ ఇక్కడ అందరికీ అది సూదిపిట్టే. అది వచ్చిందని మేస్త్రీ చెబితేనే అక్కడివాళ్లకు వసంతం వచ్చినట్టు.

ఆ పిట్ట రాలేదని కిందటేడు చెప్పాడు. ఈ ఏడూ వచ్చేలా లేదన్నాడు.

ఆ ఆదివారం ఆయన తమ్ముడు కూడా గుంపులో ఉన్నాడు. బస్సు డ్రైవరు. సెలవు దొరికితే అన్న వెంట వచ్చేవాడు, పిట్టల కోసం సగం, నలుగురిని నవ్వించడం కోసం సగం. ఒకసారి పొద చాటున నక్కి పిట్టలా ఈల వేసి, గుంపు మొత్తాన్నీ బురదలో నడిపించిన ఘనుడు. అన్నకు ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ ఒళ్లు మండేది.

ముళ్లపొదల దగ్గర తమ్ముడు ఠక్కున ఆగిపోయాడు.

"అన్నయ్యా, అదుగో కూస్తోంది. సూదిపిట్టే."

మేస్త్రీ చెవి రిక్కించాడు. గాలి వినపడింది, మడుగులో బాతులు నీళ్లు చిమ్ముకోవడం వినపడింది. ఇంకేం లేదు.

"ఏదీ?"

"ఇప్పుడే. ఇదుగో, మళ్లీ. ఎడమ పక్క."

"నీ వేళాకోళాలు ఇంటి దగ్గర పెట్టుకో."

"ఒట్టు అన్నయ్యా. ఈసారి నిజంగానే."

వెనకనున్న ఒక టీచరమ్మ, "నాకూ ఏదో సన్నగా వినపడినట్టే ఉందండీ" అంది.

"రెల్లు రాసుకుంటోందమ్మా. కొత్తలో అందరికీ అలాగే అనిపిస్తుంది" అన్నాడు మేస్త్రీ.

తమ్ముడు ఫోను తీసి పొదల వైపు చేయి చాచి పట్టుకున్నాడు. అది చూసేసరికి మేస్త్రీకి చిర్రెత్తుకొచ్చింది. తన గుంపులో తననే వెర్రివాణ్ణి చేస్తున్నాడనుకున్నాడు.

"పొద్దస్తమానం హారను కొట్టుకుంటూ బతికేవాడివి, బ్రేకు కీచుమన్నా నీకు పిట్ట కూతలాగే ఉంటుంది. పద ముందు."

అందరూ నవ్వారు. తమ్ముడూ నవ్వాడు. కానీ మడుగు మలుపు తిరిగేసరికి గుంపులో అతను లేడు. ఎప్పుడు వెనక్కి తిరిగాడో ఎవరూ గమనించలేదు. పొదల దగ్గర రికార్డు చేసింది సాయంత్రం మేస్త్రీ ఫోనుకు పంపాడు. మేస్త్రీ చెవికి ఆనించుకుని విన్నాడు. ఉత్త గాలి. ఇంకా ఆట కట్టలేదన్నమాట అనుకుని పక్కన పడేశాడు. ఆ తర్వాత తమ్ముడు ఇంటికి రావడం మానేశాడు. అలిగాడులే, వాడే వస్తాడులే అనుకున్నాడు అన్న.

తర్వాతి వారం చిత్తడి నేలను చూసుకునే ఆఫీసరమ్మ ఆయన్ని పిలిపించింది.

"మేస్త్రీ గారూ, మడుగు అంచున కూర్చుని పక్షుల్ని చూడటానికి ఒక చెక్క గది కట్టిద్దామనుకుంటున్నాం. ముళ్లపొదలున్న చోటైతే నీళ్లు బాగా కనపడతాయి. కానీ అక్కడ గూళ్లు కట్టేవేమైనా ఉంటే ముట్టుకోను. మీరేమంటారు?"

"సూదిపిట్ట ఉండేదండీ. రెండేళ్లుగా రావడం లేదు."

"ఖాయంగా?"

"నాకు వినపడకుండా అది ఈ నేల మీద వాలదమ్మా."

ఆఫీసరమ్మ నవ్వి తలూపింది. రెండు రోజుల్లో పొదలు కొట్టేశారు. గది కట్టే పని మేస్త్రీకే ఇచ్చారు. మంచి కలప ఎంచి, కిటికీలకు నున్నగా చిత్రిక పట్టి, ముసలివాళ్లకు మోకాళ్లు నొప్పెట్టకుండా బల్లల ఎత్తు సరిచూసి, సొంత ఇంటికి కూడా చేసుకోనంత శ్రద్ధగా కట్టాడు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర భార్య తమ్ముడి ఊసెత్తింది.

"మీ తమ్ముడు గడప తొక్కి ఎన్నాళ్లయింది? మీరే ఒకసారి వెళ్లి పలకరించకూడదూ?"

"వాడి వేషాలు నీకు తెలీవు. గాలి రికార్డు చేసి పంపి సూదిపిట్టంటాడు. కావాలంటే విను."

ఫోను తీసి ఆమె ముందు పెట్టాడు. ఆమె చారు గరిటె పట్టుకునే వింది.

"గాలేమిటండీ, పిట్ట అరుస్తోందిగా."

"ఎక్కడ?"

"ఎక్కడేమిటి, మొదట్నించీ అరుస్తూనే ఉంది. చెవుల్లో గుచ్చుతోంది."

ఆయన ఫోను లాక్కుని చెవికి నొక్కిపెట్టుకున్నాడు. గాలి. బాతులు. చివర్లో "పద ముందు" అనే తన గొంతు. శబ్దం పెంచి మళ్లీ పెట్టాడు. భార్య ముఖం చిట్లించుకుని చెవి మూసుకుంది. ఆయనకు మాత్రం గాలి ఇంకొంచెం పెద్దదైంది, అంతే. మెతుకులు చేతికి ఎండిపోయేదాకా అలాగే కూర్చున్నాడు.

చెవుల డాక్టరు పరీక్ష చేసి, మిషను మోతకు సన్నని శబ్దాలు వినే శక్తి ఎప్పుడో పోయిందని చెప్పాడు. ఇలాంటిది మనిషికి తెలియకుండానే పోతుందట. పోయినవి పోయినట్టు తెలియదట, ప్రపంచమే నిశ్శబ్దంగా ఉందనిపిస్తుందట. చెవికి యంత్రం పెట్టుకుంటే కొంత నయమన్నాడు. పెట్టుకున్నాడు. బయటికి రాగానే తన చెప్పుల కింద ఇసుక నలగడం వినపడింది. ఇన్నాళ్లూ అది కూడా వినలేదని అప్పుడు తెలిసింది.

ఆఫీసరమ్మ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాడు. ఆమె కోప్పడితే బాగుండేది. కిటికీలోంచి బయటికి చూస్తూ, "మీ ఒక్కరి మాట మీద కొట్టించడం నా తప్పే లెండి" అంది. మళ్లీ ముళ్ల మొక్కలు నాటిద్దాం, అవి పొదలయ్యేసరికి ఏళ్లు పడతాయి అంది. కూర్చోమని కుర్చీ చూపించింది గానీ ఆయన కూర్చోలేదు.

తమ్ముడి ఇంటికి వెళ్లడానికి మాత్రం కాళ్లు రాలేదు. వీధి మొగదాకా వెళ్లి తిరిగొచ్చిన రోజులున్నాయి. చివరికి ఒక సాయంత్రం బస్సు డిపో దగ్గరే పట్టుకున్నాడు. తమ్ముడు డ్యూటీ దిగి చేతులు కడుక్కుంటున్నాడు.

"నువ్వు చెప్పింది నిజమేరా. అది కూసింది. నాకే వినపడలేదు."

తమ్ముడు చెవి వెనకున్న యంత్రాన్ని చూశాడు. జోకు ఏదో నోటిదాకా వచ్చి ఆగినట్టుంది.

"పొదలు కొట్టేశారటగా" అన్నాడు.

"నేనే కొట్టించినట్టు లెక్కరా."

"అంతమందిలో నన్నన్నావని బాధ కాదన్నయ్యా. అన్నావులే, మనలో మనకేంటి. ఒట్టు పెట్టినా నమ్మలేదే, అది."

"నమ్మాల్సింది."

ఇద్దరూ డిపో ఎదుటి బడ్డీకి నడిచారు. టీ తాగి ఎవరిళ్లకు వాళ్లు వెళ్లారు. ఆ తర్వాత రాకపోకలు మొదలయ్యాయి గానీ, తమ్ముడు అన్న ముందు మునుపటిలా నోరారా వేళాకోళం ఆడటం మానేశాడు. మాట అనేముందు చూసుకుని అనేవాడు. ఆ మర్యాద మేస్త్రీకి ముల్లులా ఉండేది.

మళ్లీ చలి వెనక్కి తగ్గింది. మేస్త్రీ ఈసారి గుంపును టీచరమ్మకు అప్పగించి, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని విడిగా వెళ్లాడు. చెక్క గదిలో బల్ల మీద పక్కపక్కనే కూర్చున్నారు. బయట జానెడేసి ముళ్ల మొక్కలు వరసగా ఉన్నాయి. చెవిలో యంత్రం ఉన్నా మేస్త్రీ దాన్ని నమ్ముకోలేదు. తమ్ముడి ముఖమే చూస్తూ కూర్చున్నాడు.

"ఏమైనా?"

"లేదన్నయ్యా."

"ఇంకాసేపు చూద్దాం."

తమ్ముడు కళ్లు మూసుకుని విన్నాడు. ఎండ బల్ల మీదికి పాకింది. బాతులు లేచి ఒక చుట్టు తిరిగి మళ్లీ దిగాయి.

"లేదు. ఉంటే చెప్పనా?"

అంతలో ఒక జంట చిన్నపిల్లతో లోపలికొచ్చింది. పిల్లకు కిటికీ సరిగ్గా కంటి ఎత్తులో ఉంది. మడుగంతా ఒక్కసారి కనపడేసరికి ఆ పిల్ల ముఖం విప్పారింది. తల్లి కిటికీ అంచు మీద చేయి వేసి నిమిరింది.

"ఎవరు కట్టారో గానీ చాలా బాగా కట్టారు. ఎంత మంచి చోటు ఎంచుకున్నారో."

తమ్ముడు అన్న వైపు చూశాడు. మేస్త్రీ ఏదో అనబోయి, ఆ పిల్ల ముఖం చూసి ఊరుకున్నాడు. కాస్త జరిగి వాళ్లకు చోటిచ్చాడు. తర్వాత తమ్ముడి భుజం ఆసరాగా లేచి, "మడుగు అవతల కూడా కాసిని పొదలున్నాయిరా. అటు వెళ్లి చూద్దాం" అన్నాడు.

అవతలి పొదల్లోనూ అది లేదు. అయినా ఇద్దరూ ఎండ నడినెత్తికి వచ్చేదాకా అక్కడే నిలబడ్డారు.